వాసనొస్తందా?

గుజరాతీపేటలో మూడో సందు మలుపు.
బోర్డు లేదు.
ఒకప్పుడు ఉండేదట, నాగావళి పట్టుకుపోయిందట.
వరద గీసిన గీత మాత్రం గోడ మీద
నా మోకాలికి జానెడు పైన ఇంకా ఉంది,
మూడుసార్లు సున్నం కొట్టించినా.

పోలినాయుడి కాఫీ.
అంతే పేరు.

నైట్ డ్యూటీ దిగి
పెద్దాసుపత్రి నుంచి నడిచొచ్చే దారి అది.
మొదటిరోజు బయటే నిలబడ్డాను.
బెంచీ నిండా మగాళ్లు, పేపర్లు, బీడీ పొగ.
ఒక ఆడమనిషి గ్లాసు పట్టుకుని కూర్చోవడం
ఆ సందు అప్పటికింకా చూళ్లేదు.
అతనేమీ అనలేదు.
పంచదార డబ్బా కిందికి దించి
అది కూర్చున్న స్టూలు
పొయ్యి పక్కకి జరిపాడు.
పందొమ్మిదేళ్లు ఆ స్టూలు అక్కడే.
పంచదార డబ్బా నేల మీదే ఉండిపోయింది,
చీమలతో సహా.

రాత్రి ఎవరు పుట్టారో, ఎవరు పోయారో
ఒక్కనాడూ అడగలేదు.
నా మొహం చూసి
డికాక్షన్ పెంచాలో పాలు పెంచాలో
తనే తేల్చుకునేవాడు.
ఒక్కో పొద్దు రెండో గ్లాసు పెట్టి
ఖాతాలో రాసేవాడు కాదు.
అది పిల్లల వార్డు రాత్రని
అతనికెలా తెలిసేదో.

తరవాత ఆ జ్వరాల ఏడు.
అందరితోపాటే పడ్డాడు.
లేచాడు, లేవనివాళ్లని నేను చూశాను కనక
లేచాడంటేనే చాలనుకున్నాను.
ముక్కు మాత్రం లేవలేదు.
మల్లెపువ్వు, కిరసనాయిలు, మాడిన పాలు
అన్నీ ఒకటే అతనికి, ఉత్త గాలి.
ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.
నేను రాగానే ఫిల్టరు మూత తీసి
నా మొహం కిందకి పట్టి
గొంతు బాగా తగ్గించి
"సిస్టరమ్మా, వాసనొస్తందా?"

స్పిరిటూ ఫినాయిలూ తినేసిన ఈ ముక్కు
నాలుగేళ్లు అతని కొలువు చేసింది.
వస్తంది నాయుడుగారూ.
ఇవాళ కాస్త పల్చన.
ఇవాళ చికోరీ ఎక్కువేసీసినారు.
రెండుసార్లు మాడింది.
బాగుందన్నాను.
ఆ పొద్దు వచ్చినవాళ్లంతా
ఆ మాడిందే తాగి, మూతి తుడుచుకుని,
డబ్బులిచ్చి వెళ్లిపోయారు.
కరెంటాఫీసు దాలయ్యగారైతే
ఇంకో అరగ్లాసు పోయించుకున్నారు.
అంటే వాళ్లకీ తెలుసు.
ఎప్పట్నించో తెలుసు.

నిన్న గ్లాసులన్నీ బోర్లించి ఉన్నాయి,
నాది తప్ప.
"సాలించీసినానమ్మా.
అద్దె గొడవ కాదు, రోడ్డు గొడవ కాదు,
కాళ్లూ బాగానే ఉన్నాయి.
నాకు తెలీని వస్తువు
ఇంకెన్నాళ్లమ్మీది?
గుడ్డోడు రంగుల కొట్టు పెట్టినట్టుంది."

ఖాతా తీశాడు. నూట పద్దెనిమిది.
ఇచ్చాను, లెక్కపెట్టుకున్నాడు,
రెండు రూపాయలు చిల్లర వెనక్కిచ్చాడు.
వద్దనుంటే నాకు కోపమొచ్చేది.

అప్పుడు ఫిల్టరు మూత తీసి
ఎప్పట్లాగే నా మొహం కిందకి పట్టాడు.
"వస్తందా?"

ఎన్ని శవాల పక్కన నిలబడి
కదలని కళ్లు ఇవి,
ఒక ఇత్తడి ఫిల్టరు ముందు
వరదైపోయాయి.
ముక్కు మూసుకుపోయింది.
ఏమీ రాలేదు, ఆవిరి వెచ్చదనం తప్ప.
అతనికి నాలుగేళ్లుగా ఎలా ఉందో
అప్పుడు తెలిసింది.

వస్తంది, అన్నాను.
బాగా వస్తంది.

ఇవాళ కూడా కాళ్లు అటే తిరిగాయి.
మలుపులో మురిక్కాలవ కంపు.
పందొమ్మిదేళ్లుగా అక్కడే ఉండుంటుంది,
నాకే ఇవాళ అందింది.
తలుపు చెక్కలు వేసి, తాళం.
గడప సందులోంచి
చీమలు మాత్రం బారుగా
లోపలికి పోతున్నాయి.
వాటికెవరూ చెప్పినట్టు లేదు.